మంచానికీ నాలుగు కాళ్లుంటాయి

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. ఐదో తరగతితో బడి మానేసి, కిరాయి సైకిళ్ల దుకాణంలో కూర్చుని పాత పేపర్లు చదువుతూ అక్షరాలు గట్టిపరుచుకున్నవాణ్ణి. పోయినవాళ్ల గురించి రాయడానికి చదువుకున్నవాళ్లున్నారు గదా అనిపించింది. కామారెడ్డి బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు కండక్టరు నన్ను చూసి, "పెద్దాయనా, మీ పశువుల కంపౌండరు పొద్దుగాల పోయిండంట, ఎరికేనా?" అన్నప్పుడు కూడా రాయాలనిపించలేదు. అక్కడే సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. రెండు బస్సులు వెళ్లిపోయాయి. అంతే.

సంతాప సభకు వెళ్లాక మాత్రం ఊరుకోలేకపోయాను. మా వర్తకుల సేవా సంఘం నిలువెత్తు ఫ్లెక్సీ కట్టించింది. అందులో ఆయన ఒక ఎర్రటి బండి పక్కన నిలబడి ఉన్నాడు. సంఘం ఇచ్చిన వాహనం మీద అడవి పల్లెలు తిరిగి మూగజీవాలను కాపాడిన మహనీయుడని కింద రాశారు. మహనీయుడే, కాదన్నదెవరు? కానీ ఆ బండి మీద ఆయన అడవిలోకి ఒక్కనాడూ వెళ్లలేదు. వెళ్లలేని బండిని కొన్నది మేము. కొన్న నలుగురిలో నేనొకణ్ణి.

ఆయన ఎల్లారెడ్డి దిక్కు పశువుల దవాఖానలో కంపౌండరు. పోచారం అడవి అంచున ఉన్న ఒక తండాకు డాక్టరన్నా, దేవుడన్నా ఆయనే. గొడ్డు దగ్గరికి వెళ్లగానే సూది తీసేవాడు కాదు. ముందు అరచెయ్యి దాని ముక్కు కింద పెట్టి వాసన చూడనిచ్చేవాడు. తర్వాత ఇంటివాళ్లను దాని పేరు అడిగేవాడు. పేరుతో పనేమిటని నేనొకసారి అంటే, "పేరు తెల్వకుంట పొడుస్తె అది కొట్లాటయితది గాని వైద్యమెట్లయితదన్నా" అన్నాడు.

వానాకాలం ఆ తండా దారి ముందు వాగు, తర్వాత బంకమట్టి ఎక్కుడు, ఆపైన రెండు పెద్ద రాతి గుండ్ల మధ్య సందు. ఆయన మోటారు సైకిలు మీద వెళ్లి వాగులో పడి మోకాలు చెడగొట్టుకున్నాడు. అప్పటి నుంచి మందుల ఐసు డబ్బా భుజానికి తగిలించుకుని కుంటుతూ నడిచేవాడు. మూడేండ్ల కింద, 2011లో, ఆయనకు అడవి దారిలో నడిచే చిన్న నాలుగు చక్రాల బండి ఇప్పించాలని మా సంఘం తీర్మానించింది. మోటారు సైకిలు లాగే కాళ్లు చెరోవైపు వేసుకుని, హ్యాండిలు పట్టుకుని నడిపే బండి. దాన్ని ఏటీవీ అంటారని ఎవరో చెబితే మా కార్యదర్శి "ఏ టీవీ? రంగులదా?" అని అడిగాడు. ఇంత తెలిసినవాళ్లం బండి ఎంచడానికి హైదరాబాదు బయల్దేరాం. "నడిపేటోణ్ణి, నన్ను గూడ తోల్కపోండ్రి" అని బతిమాలుకుని ఆయన కూడా కారెక్కాడు.

దుకాణం ముందు భాగంలోనే ఎర్ర బండి ఉంది. వెడల్పాటి టైర్లు, డేగ మూతి. మా అధ్యక్షుడు, రైసుమిల్లు సేటు, దాని మీద చెయ్యి వేశాడు, మళ్లీ తీయలేదు. కంపౌండరు మాత్రం నేల మీద వెల్లకిలా పడుకుని దాని కడుపు కింద చూస్తున్నాడు.

"ఏందివయ్యా, పిల్లను జూడవచ్చి పండ్లు లెక్కవెడ్తున్నవ్?" అన్నాడు సేటు. అందరం నవ్వాం.

"పిల్లను గాదు సేటూ, ఎద్దును కొనవస్తిమి. ఎద్దుకు పండ్లే జూస్తరు" అంటూ లేచి వీపు దులుపుకున్నాడు.

భుజం మీది తువ్వాల తీశాడు. దానికి రెండు ముళ్లున్నాయి. ముందురోజు గుండ్ల సందు దగ్గరికి వెళ్లి, దాని వెడల్పు కొలిచి వేసుకొచ్చిన ముళ్లవి. ఎర్ర బండికి అడ్డంగా పట్టి చూస్తే బండే జానెడు ఎక్కువొచ్చింది. ఆ తర్వాత దుకాణం మనిషిని అడిగాడు: "తమ్మీ, ఇంజను ముందు గీరెలను గూడ తిప్పుతదా? ఎనుకయి నూకితే ఇవి ఉట్టిగ దొర్లుతయా?"

"ఇంజన్ తిప్పేది వెనకవే సార్. ఇది రేసు బండి."

"నాలుగు గీరెలైతే ఉన్నయి గదయ్యా!" అన్నాడు సేటు.

"మంచానికి గూడ నాలుగు కాళ్లుంటయి సేటూ. నడుస్తదా?"

వెనక మూలలో ఇంకో బండి ఉంది. చిన్నది, ఆకుపచ్చది, దుమ్ము పట్టింది. తువ్వాల పెడితే నాలుగు వేళ్ల సందు మిగిలింది. మీట నొక్కితే నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పుతుంది. ఎక్కుడులో మెల్లగా లాగడానికి వేరే గేరుంది. ఇరుక్కుంటే వెనక్కి వస్తుంది. డబ్బా కట్టుకోవడానికి ముందూ వెనకా ఇనుప క్యారియర్లున్నాయి. కంపౌండరు దాని మూతి మీద అరచెయ్యి పెట్టి, "గిది సాలు సేటూ. గిదే గావాలె" అన్నాడు.

"మేకపిల్ల లెక్కున్నది. ఫొటోల ఏం కనవడ్తది?" అని సేటు నా వైపు తిరిగాడు. "గీరెల సంగతి నీకెరికె గద. నువ్వు జెప్పు."

నాకు తెలుసు. నలభై ఏండ్లు సైకిళ్లు కిరాయికిచ్చిన దుకాణం నాది. వచ్చినవాడల్లా బెల్లు కొట్టి చూసేవాడే తప్ప బ్రేకు పట్టి చూసినవాడు లేడు. ఒకాయన రామారెడ్డి ఊరి దాకా బెల్లు కొట్టుకుంటూ వెళ్లి, బ్రేకు లేదన్న సంగతి అక్కడ తెలుసుకుని, సైకిలుతో సహా గడ్డివాములో దిగాడు. పైగా తిరిగొచ్చి బెల్లు మాత్రం బాగుందన్నాడు. ఇవన్నీ చూసినవాణ్ణి, ఆ రోజు "అందరెట్లంటె అట్లనే సేటూ" అన్నాను. కంపౌండరు ఒకసారి నా ముఖం చూసి, తువ్వాల ముళ్లు విప్పుకున్నాడు.

ఎర్ర బండి వచ్చింది. దండలు వేశాం, ఫొటోలు తీశాం. తండాకు బయల్దేరిన మొదటి రోజే, వాగు దాటీ దాటగానే అది బంకలో దిగబడింది. వెనక చక్రాలు గిర్రున తిరుగుతుంటే ముందువి పెండ్లికొచ్చిన చుట్టాల్లాగా చూస్తూ ఉన్నాయి. తండావాళ్లు ఎడ్లను కట్టి బయటికి గుంజారు. అక్కడి నుంచి అది సేటు మామిడితోటకు చేరింది. చుట్టాలొస్తే చెట్ల చుట్టూ తిరగడానికి పనికొస్తోంది. మార్చి చిన్నది తెద్దామని నేను రెండుసార్లు అడిగాను. "దానమిచ్చినంక మారుస్తరా ఎవరన్న?" అన్నాడు సేటు. దానమిచ్చిందెవరికి, ఉన్నదెవరి తోటలో?

మరుసటి వానాకాలం తండాలో బర్రెలకు గొంతువాపు రోగం వచ్చింది. ఆ రోజు ఆయన వెంట నేనూ నడిచాను. ఎక్కుడులో ఆయన మోకాలు నిలవలేదు. జారాడు. డబ్బా దొర్లి మూత ఊడింది, ఐసంతా బురదలో కలిసింది. తండా చేరేసరికి మధ్యాహ్నం దాటింది. టీకా సీసాలను ముట్టి చూసి, వెచ్చబడ్డ మందు పనిచెయ్యదని పక్కన పెట్టేశాడు. ఒక అవ్వ బర్రెను పట్టుకొచ్చి ఆయన ముందే నిలబడింది.

"నీళ్లయినా సరే, పొడువు బిడ్డా. నా పాణం సల్లవడ్తది."

"అబద్ధం సూది నేనియ్యనవ్వా. రేపొస్త."

మర్నాడు మళ్లీ నడిచి మందు తీసుకుని వెళ్లేసరికి అవ్వ బర్రె పడిపోయి ఉంది. ఆయన దాని పేరడిగాడు. చచ్చినదాని పేరెందుకని ఎవరూ అనలేదు. తిరుగుదారిలో వాగు దగ్గర ఒక్కమాటన్నాడు: "ఆ పొద్దు దుకాణంల నువ్వొక్క మాట అనకపోతివన్నా." కోపంగా అని ఉంటే ఈపాటికి మరిచిపోయేవాణ్ణి.

సంతాప సభలో సేటు మైకు పట్టుకుని, "మనమిచ్చిన బండి మీదనే ఊరూరు తిరిగిండు" అన్నాడు. నేను లేచి నిలబడ్డాను.

"ఒక్కనాడు తిరగలే సేటూ. సచ్చెదాంక నడిసిండు."

పక్కనున్న కార్యదర్శి నా అంగీ పట్టి గుంజాడు. "చావు కాడ లొల్లేందే పెద్దమనిషీ?"

"చావు కాడ అబద్ధమేందే?"

మైకు బందయింది. ఆ అరిచినదేదో మూడేండ్ల కింద హైదరాబాదులో అరవవలసింది.

పోయిన గురువారం కొత్త కంపౌండరు తండాకు వస్తున్నాడంటే దారి చూపిద్దామని నేనూ వెళ్లాను. ముందురోజంతా వాన పడింది. అవతలి ఒడ్డున తండావాళ్లు బర్రెలను వరసగా నిలబెట్టుకుని ఉన్నారు. కొత్తాయన మర్యాదస్తుడే. వాగు దాకా వచ్చాడు, నీళ్లు చూశాడు, గడియారం చూసుకున్నాడు. తగ్గినంక వస్తానని కేకేసి, ఒంటిగంట బస్సుకు ఎల్లారెడ్డి వెళ్లిపోయాడు. అవతలివాళ్లు కాసేపు నిలబడి, ఒక్కొక్క బర్రెనే మళ్లించుకుని ఇండ్లకు తోలుకుపోయారు.