నేను ఊదని విజిల్

ఒట్టు పెట్టుకోకూడదని మా పాస్టరుగారు ఎన్నోసార్లు చెప్పారు. అయినా పెడుతున్నాను. బైబిలు మీద చెయ్యి వేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యం చదివితే పడీపడీ నవ్వుతారు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

కొన్నేళ్ళుగా నోట్లో ఒక రాయి పెట్టుకుని తిరుగుతున్నాను. దాంతోనే తింటున్నాను, దాంతోనే ఆరాధనలో పాటలు పాడుతున్నాను, దాంతోనే జోకులేస్తున్నాను. ఎవరికీ తెలీదు. మా ఆవిడకి కూడా.

నేను కోతలు కోస్తాను. అది నా పేరు కంటే ముందు తెలిసే సంగతి. ఇక్కడ జర్మనీలో, స్టుట్‌గార్ట్ ఎస్-బాన్ లోకల్ రైలు ఒకసారి అడవిపంది ఎక్కిందనీ, టికెట్ తనిఖీకొచ్చినవాడు దాన్ని వదిలేసి నాకు జరిమానా వేశాడనీ చెప్పాను. మా తెలుగు సహవాసంలో సగంమంది నమ్మారు. నమ్మని సగం మళ్ళీ చెప్పమన్నారు. ఇలాంటివాడికి కోతకీ అబద్ధానికీ తేడా ఎక్కడ మొదలవుతుందో తెలియకపోవడం వింతేమీ కాదు. తెలియకపోవడమా, తెలిసీనా? అక్కడికే వస్తాను.

శనివారం మధ్యాహ్నాలు మా ఇంట్లో టీవీలో ఫుట్‌బాల్. నాలుగైదుగురు కుర్రాళ్ళు, మాస్టర్స్ చదివేవాళ్ళు, మా ఆవిడ చేసే పులావు కోసం వచ్చి మ్యాచ్ కోసం వచ్చామంటారు. వాళ్ళలో డానియేలు ఒకడు. వరంగల్ వాడు. అందరూ డానీ అంటారు. చదువులో చురుకు, మాటలో మెత్తన, వాదనకి దిగితే మాత్రం వదలడు.

ఆ శనివారం మా జట్టు గోల్ కొట్టబోతోంది. అంతలో అవతలి డిఫెండరొకడు, మరొకడి తల తగిలి, కిందపడి తల పట్టుకున్నాడు. రిఫరీ ఆట ఆపేశాడు. గోల్ పోయింది. మా గదిలో గోల మొదలైంది.

"సినిమాల్లో పెట్టేయండ్రా వీణ్ణి! ఏం యాక్టింగు!" అన్నాడు సామ్యూల్. మా ఊరివాడే, కాకినాడ.

"గట్లనకు అన్నా. తలకు తాకితే రిఫరీ ఆపాల్సిందే. లోపల మెదడు అదురుతది, బయటికి కనబడదు," అన్నాడు డానీ.

"నీకెలా తెల్సురా, నువ్వేమన్నా డాక్టరువా?"

"డాక్టర్ను కాదన్నా. రూల్ చదివిన."

అందరూ నా వైపు చూశారు. నేను సోఫాలో సర్దుకుని కూర్చున్నాను. స్టేడియంలో ఆటగాళ్ళు లోపలికెళ్ళే దారి పక్కనే ఒకసారి నాకు సీటు దొరికిందనీ, తల పట్టుకుని స్ట్రెచర్ మీద పోతున్న ఒకడు సరిగ్గా నా ముందుకొచ్చాక తన కోచ్‌కి కన్ను కొట్టాడనీ చెప్పాను. కళ్ళారా చూశానన్నాను. నిజానికి నేను స్టేడియానికి వెళ్ళింది ఒక్కసారే. నా సీటు పైకప్పు కింద. అక్కణ్ణించి ఆటగాళ్ళు చీమల్లా ఉన్నారు.

ఆ కథ పరుగెత్తింది. వాట్సాప్ గ్రూపులో వారాల తరబడి కొట్లాట. డానీ ఓపిగ్గా రూల్ వివరిస్తూ పెద్ద పెద్ద మెసేజీలు పెట్టేవాడు. నేను కన్ను కొట్టే బొమ్మ ఒకటి పెట్టేవాణ్ణి. అంతే. వాడి వాదన అక్కడే చచ్చిపోయేది. మాలో మేం ఆడుకునేటప్పుడు ఎవడు పడినా "కన్ను కొట్టరా!" అని అరవడం అలవాటైపోయింది.

ఒక ఆదివారం ఆరాధనా, భోజనాలూ అయ్యాక, పక్కనున్న మైదానంలో పెళ్ళైనవాళ్ళకీ పెళ్ళికానివాళ్ళకీ పోటీ పెట్టారు. నాకు మోకాలి నొప్పి. అందుకని విజిల్ నా చేతికిచ్చారు. ఎంత సంబరపడ్డానో! అరిచే నోటికి విజిల్ దొరికింది.

బంతి గాల్లోకి లేచింది. డానీ తలతో కొట్టబోయాడు, పెళ్ళైనవాళ్ళ గోల్‌కీపర్ సామ్యూల్ చేతులెత్తి దూకాడు. రెండు తలలు తగిలాయి. చప్పుడు నాకు వినిపించింది. సామ్యూల్ నుదురు రుద్దుకుంటూ లేచాడు. డానీ కూర్చుండిపోయాడు. దూరం నుంచి ఎవడో "కన్ను కొట్టరా!" అన్నాడు. నవ్వులు.

నేను దగ్గరికెళ్ళాను. ఎండ సూటిగా నా కళ్ళలో పడుతోంది. వాడి ముఖం సరిగ్గా కనిపించలేదు. ముందురోజు కూడా మా ఇంట్లో ఇదే వాదన జరిగింది కదా, నన్ను ఏడిపించడానికే పడ్డట్టు నటిస్తున్నాడనుకున్నాను.

"రెండు బాల్స్ కనబడుతున్నయ్ అంకుల్," అన్నాడు.

"అయితే రెండు గోల్స్ కొట్టరా అబ్బాయ్!" అన్నాను.

వాడు నవ్వలేదు. "సరే అంకుల్" అన్నాడు. లేచాడు.

ఆ 'సరే' గురించి మీకు చెప్పాలి. నా ఆఫీసులో ఏ జర్మన్ కుర్రాడితోనైనా 'రెండు గోల్స్ కొట్టు' అని ఉంటే నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసి, మైదానం వదిలి ఇంటికి పోయేవాడు. మన పిల్లలు పోరు. అంకుల్ ఆడమంటే ఆడతారు. వాదన సోఫా మీద. మైదానంలో పెద్దవాడి మాటే మాట. ఈ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే ఆ వయసుతో వచ్చే గౌరవాన్నంతా పులావులా తిన్నాను.

వాడు తన గోల్ వైపే పరుగెత్తాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత నడిచాడు. తర్వాత నిలబడి, వాంతి చేసుకుని, పక్కకి ఒరిగిపోయాడు.

ఎవరో అంబులెన్సుకి ఫోన్ చేశారు. వాడి బూటు ఒకటి ఊడిపోయింది. అది పట్టుకుని నేనలా నిలబడే ఉన్నాను.

ఆస్పత్రి వరండాలో పాస్టరుగారు అడిగారు. "ఏం జరిగింది బ్రదర్? మీరే కదా రిఫరీ?"

"బయటికి పొమ్మన్నానండి. వినలేదు."

నేనేమీ ఆలోచించలేదు. నిజం. మాట దానంతటదే వచ్చింది. ఇన్నేళ్ళు సాధన చేసిన నాలుక కదా, నన్నడగడం ఎప్పుడో మానేసింది. అయినా ఆ క్షణం తర్వాత మరో క్షణం ఉంది. అప్పుడెందుకు దిద్దుకోలేదు? డాక్టరు బయటికొచ్చి, దెబ్బ తగిలాక కూడా ఆడనివ్వడమే ముప్పు తెచ్చిందని పాస్టరుగారికి చెబుతుంటే, నేను పక్కనే ఉండి తల ఎందుకు ఊపాను?

డానీకి ఆ మధ్యాహ్నం గుర్తులేదు. ఆరాధనలో పాడిన చివరి పాట గుర్తుంది, ఆ తర్వాత ఆస్పత్రి గోడ. మధ్యలో ఏం జరిగిందో వాడికి చెప్పింది నేనే. మంచం పక్కన కూర్చుని చెప్పాను. వాడు నమ్మాడు. నమ్మడానికి వాడి దగ్గర ఇంకో కథ లేదు.

నెలల తరబడి తలనొప్పి. కంప్యూటర్ తెర చూడలేడు. సెమిస్టర్ పోయింది, చేస్తున్న చిన్న ఉద్యోగమూ పోయింది. వాళ్ళమ్మ ఫోన్‌లో ఏడుస్తూ కొడుకుని తిట్టడం నేను విన్నాను. "అంకుల్ బయటికి రమ్మంటే ఇనకపోతివేంది బిడ్డా? గింత మొండి ఎప్పట్నుంచి అయినవ్?" తర్వాత ఫోన్ నాకిమ్మంది. "మీరు దేవుని లెక్క ఉన్నరు సార్ ఆడ," అంది. నేను ఫరవాలేదమ్మా అన్నాను. ఏమిటి ఫరవాలేదు?

కోలుకున్నాక మొదటి ఆదివారం వాడు సాక్ష్యం చెప్పడానికి లేచాడు. మా సహవాసంలో సాక్ష్యమంటే తెలుసుగా, దేవుడు చేసిన మేలు నలుగురిలో నిలబడి చెప్పుకోవడం. అక్కడ చెప్పినదాన్ని ఎవరూ శంకించరు. నేను కూడా అక్కడ కోతలు కోయను. ఆ ఒక్క హద్దు పెట్టుకున్నాను.

"అంకుల్ నన్ను ఆపిండు. నేనే ఇనలే," అన్నాడు డానీ. "నేను అహంకారంతోని ఆడిన. పెద్దల మాట ఇనకపోతే ఏమైతదో దేవుడు నాకు చూపించిండు. అంకుల్‌కి అందరి ముందట క్షమాపణ చెప్తున్న."

నా అబద్ధం, నా నోట్లో పుట్టింది, ఒక అమాయకుడి నోట్లోంచి సాక్ష్యంగా బయటికి వస్తోంది. చెయ్యని పాపానికి వాడు పశ్చాత్తాపపడుతున్నాడు. అందరూ తలలు తిప్పి నన్ను చూశారు, ఎంత ప్రేమగా చూశారో! "ఆమేన్" అన్నారు. నా పెదవులు కూడా ఆమేన్ అన్నాయి. అది విని నేనే అదిరిపడ్డాను.

ఇప్పుడు వాడు కొలోన్ నగరంలో ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్ళయింది. మొన్న భార్యతో మా ఇంటికొచ్చాడు. టీవీలో మ్యాచ్. ఒక ఆటగాడికి తల పగిలింది, రిఫరీ బయటికి పంపిస్తుంటే వాడు పోనని పెనుగులాడుతున్నాడు. కుర్రాళ్ళు మళ్ళీ వాదన మొదలెట్టారు.

"చూడు, అది నేనే," అన్నాడు డానీ భార్యతో. "గా మొండితనమే నాది. అందుకే ఇప్పుడు ఏదన్నా నిర్ణయం తీసుకోవాలంటే నా మీద నాకు నమ్మకముండది. ఎవరినన్నా అడుగుతా."

ఆ అమ్మాయి నా వైపు తిరిగింది. "మీరు ఆ రోజు చెప్పారట కదా అంకుల్. థాంక్స్."

నేను వంటింట్లోకి పోయి కుళాయి తిప్పాను. గ్లాసు నిండి పొర్లుతున్నా కట్టలేదు. నేను వాడి సెమిస్టర్ ఒక్కటే పోగొట్టాననుకున్నాను. వాడిలోంచి వాణ్ణే తీసేశానని అప్పుడు తెలిసింది. రూల్ చదివినవాడు, సరిగ్గా చెప్పినవాడు, అందరిలోకీ ఒక్కడే సరైనవాడు. ఇప్పుడు వాడు తనను తాను నమ్మడు. నన్ను నమ్ముతాడు.

వాడికి చెప్పాలి. చెబుతానా? తెలీదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు.

ఇక్కడితో ఆపేయవచ్చు. కానీ మొదట్లో ఒట్టు పెట్టాను. పెట్టి, మధ్యలో ఒక ముక్క కల్పించాను.

ఆ రోజు ఎండ లేదు. పొద్దుట్నుంచీ మబ్బు. వంగి చూస్తే వాడి ముఖం నాకు జానెడు దూరంలో ఉంది. వాడి కళ్ళు నా మీద నిలవలేదు, నా భుజం మీదుగా ఎవరికోసమో వెతుకుతున్నట్టున్నాయి. నటన కాదని నాకు తెలిసింది. విజిల్ చేతిలోనే ఉంది. ఊదితే, వాడన్నదే నిజమని అందరి ముందూ నేనే ఒప్పుకున్నట్టు. అందుకే ఊదలేదు.

ఈ ముక్క ఇన్నేళ్ళూ నాకు నేను కూడా చెప్పుకోలేదు. మీకు చెప్పాను.