పాలిష్ మీద శిలువ

పాలిష్ గీకి అసలు చెక్క తేలితే తప్ప జిగురు పట్టదని పటమటలో ఏ వడ్రంగిని అడిగినా చెబుతాడు. ఎలీషాకూ తెలుసు. అయినా చర్చిలో పాస్టరుగారు నిలబడి ప్రసంగించే పుల్పిట్‌కి చెక్క శిలువ అతికించమంటే పాలిష్ మీదే అతికించి, ఎలాగో పట్టుకుంటుందిలే అనుకున్నాడు.

ఆ పుల్పిట్ చేసింది అతనే. లక్క పాలిష్ పెట్టింది మాత్రం అతని భార్య హన్నా. ఆమె గుడ్డతో రుద్దీ రుద్దీ వేళ్లు ఎర్రబడేలా పనిచేస్తుంటే, "ఎంతసేపే ఆ పూత? పని నాది, సోకు నీదీ!" అని నలుగురి ముందూ ఎగతాళి చేసేవాడు. ఆమె నవ్వి మళ్లీ గుడ్డ అందుకునేది. పోయిన ఏడాది ఆమె ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. ఇప్పుడు ఆ మెరుపు మీద ఉలి పెట్టడానికి అతనికి చేతులు రాలేదు.

ఆదివారం ప్రసంగం మధ్యలో శిలువ ఊడి దభీమని కిందపడింది.

"పోనీ, మేకులు కొట్టెయ్యండి ఎలీషాగారూ," అన్నారు పాస్టరుగారు, ఆరాధన అయ్యాక.

"మేకు కొడితే చుట్టూ పాలిష్ పగులుద్దండీ. గీకుతాను."

అందరూ వెళ్లాక శిలువ ఆనేంత మేర గీకడం మొదలుపెట్టాడు. పూత ఒక పట్టాన లొంగలేదు. పొర కింద పొర, దాని కింద ఇంకో పొర. చెక్క తేలేసరికి అతని వేళ్లూ ఎర్రబడ్డాయి.

"పనంటే నీదేనే, హన్నా," అన్నాడు పైకే.

ఎగతాళి విన్న నలుగురూ అప్పటికే ఇళ్లకు వెళ్లి భోజనాలకు కూర్చున్నారు.