జానెడు దూరానికో సూది

మాదాపూర్‌లోని ఒక అద్దాల భవనం గేటు దగ్గర ఆడ ఇంజనీర్ల బ్యాగులు తడిమి చూసే మహత్తర బాధ్యత భూలక్ష్మిది. పొద్దున్నే మైదానంలో ఇనుపగుండు విసిరి వచ్చేది కనుక, ఎంత బరువు బ్యాగునైనా చిటికెన వేలితో ఎత్తి పక్కన పెట్టేది. తండ్రి పెంటయ్య మేస్త్రీ. చుట్టుపక్కల అద్దాల మేడల్లో సగం తానే కట్టానని లింగంపల్లి బస్తీలో చెప్పుకునేవాడు. లోపలికి పోవడానికి మాత్రం ఆయనకు పాసు లేదు.

భూలక్ష్మికి ఒకటే ఆశ: క్రీడల కోటాలో సర్కారు కొలువు. వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఆమె గుండు, కావలసిన గీతకు జానెడు ఇవతల పడుతోంది.

కోచ్ మహేందర్ రెండు విషయాల్లో నిష్ఠాపరుడు. ఒకటి ప్రత్యేక రాష్ట్రం, రెండు సూదిమందు. మెడలో ఉద్యమ కండువా వేసుకుని ఆత్మగౌరవం గురించి ఆయన మాట్లాడితే మైదానంలో జెండా కర్రలు కూడా నిటారుగా నిలబడేవి. ఉపన్యాసం ముగించి, సామాన్లు పెట్టే రేకుల గదిలోకి వెళ్ళి సూది తీసేవాడు.

"తాకత్ సూది బిడ్డా, అందరేసుకుంటరు. సెలక్షన్ దాంక ఓర్సుకో, కొలువొచ్చినంక బంద్ చేద్దం," అన్నాడు.

అది మగ హార్మోనని, నిషేధమని భూలక్ష్మికి తెలియదని రాస్తే మర్యాదగా ఉంటుంది కానీ అబద్ధం. తెలుసు. జానెడు దూరం ముందు ఆ తెలివి నిలబడలేదు, అంతే.

గుండు గీత దాటింది. తర్వాత నెలసరి ఆగింది. గడ్డం మీద నూగు మొలిచింది. తన బ్లేడు ఇంత తొందరగా ఎందుకు అరుగుతోందో అర్థంకాక పెంటయ్య ఆ కంపెనీవాళ్ళ నిజాయితీని తీవ్రంగా శంకించాడు.

ఇక సెలక్షన్ రావాలి. దానికి బదులు సకల జనుల సమ్మె వచ్చింది. సెలక్షన్ వాయిదా పడింది, మళ్ళీ వాయిదా పడింది. బస్సులు ఆగాయి, బడులు ఆగాయి, బొగ్గుబావులు ఆగాయి. సూది ఒక్కటే ఆగలేదు. దానికి సంఘం లేదు. రాష్ట్రం రావాలని భూలక్ష్మి కూడా రోడ్డు మీద కూర్చుని నినాదాలు ఇచ్చింది. రోజురోజుకూ ఆ నినాదం బొంగురుపోతూ వచ్చింది. అరిచి అరిచి గొంతు పోయిందని అందరూ మెచ్చుకున్నారు.

ఆ ఏడు బతుకమ్మను రోడ్డు నడుమనే పెట్టి ఆడారు. బస్తీలో పాట ఎత్తుకునేది చిన్నప్పటి నుంచీ భూలక్ష్మే, మిగతావాళ్ళు అందుకునేవారు. ఈసారి వద్దంటే వినలేదు, చెయ్యిపట్టి లాగారు. ఆమె ఎత్తుకుంది.

ముసలి నర్సమ్మకు కండ్లు ఆనవు. చప్పట్లు ఆపి, "ఎవడే వాడు, ఆడోళ్ళ నడుమ జొర్రిండు? జర అవుతలికి పొమ్మనండ్రి," అంది.

బతుకమ్మ చుట్టూ తిరిగే వరసలోకి మగవాడు రాడు. దూరం నుంచి చూస్తాడు. అది రివాజు. "వాడు కాదు అవ్వా, మన భూలక్ష్మి" అని ఎవరో ఒకరు అనాలి. ఎవరో ఒకరు అంటారని అందరూ చూశారు. గేటు దగ్గర జనాన్ని ఆపీ ఆపీ రూలంటే భక్తి కుదిరిన భూలక్ష్మి, వరస దాటి వెళ్ళి మగవాళ్ళ పక్కన నిలబడింది. అక్కడ పెంటయ్య ఉన్నాడు. కూతురి గడ్డం వైపు చూశాడు. కాస్త జరిగి చోటిచ్చాడు.

తల్లి సత్తెమ్మ మరునాడే దవాఖానకు తీసుకుపోయింది. సూది మానేస్తే చాలావరకు సర్దుకుంటుందని, గొంతు మాత్రం ఇక తిరిగి రాదని డాక్టరమ్మ చెప్పింది. భూలక్ష్మి సూది మానేసింది. వారాలు గడిచేకొద్దీ గుండు బుద్ధిగా వెనక్కి, తన పాత చోటికి రావడం మొదలుపెట్టింది.

సమ్మె ముగిసింది. సెలక్షన్ తారీఖు పడింది. మహేందర్ రేకుల గదిలోకి పిలిచాడు. ఆయన వాదనలో తర్కదోషం ఏమీ లేదు, అదే దాని ఘోరం.

"గొంతెట్లాగూ పాయె. పోయేదంత పోయినంక ఇప్పుడు బంద్ చేస్తే నీకొచ్చేదేంది? కొలువన్న రానీ."

భూలక్ష్మి సూదిని పక్కకు నెట్టింది.

"నన్ను మగోడనుకొని అవుతలికి పొమ్మన్నరు సార్. పోయిన. గుండేసే గిరిలనన్న నేనే ఉండాలె గద."

"ఆత్మగౌరవం అన్నం పెడ్తదా?" అన్నాడు, కండువా సర్దుకుంటూ.

ఆమె బయటికి నడిచింది. పాత సూదుల బలం ఒంట్లో ఇంకా ఎంత మిగిలిందో, గెలిస్తే ఆ గెలుపులో తన వాటా ఎంతో ఆమెకే తెలియదు. సెలక్షన్ రోజున మూడుసార్లూ ఒంట్లో ఉన్నదంతా పెట్టి విసిరింది. టేపు పట్టిన ఆఫీసరు దూరం చదివి, తర్వాతి పేరు పిలిచాడు.

మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. గడపలో కూర్చున్న సత్తెమ్మ కూతురి ముఖం చూసి అడిగింది.

"పోయిందా?"

"జానెడు తక్కువైంది."

"సూది?"

"ఏసుకోలె."

సత్తెమ్మ లేచి కంచం పెట్టింది. "తిను. డ్యూటీకి ఆల్శమైతది," అంది. భూలక్ష్మి కలిపిన ముద్ద చేతిలోనే పట్టుకుని, అది ఆరిపోయేదాకా కూర్చుంది.