ఏ గదికీ సరిపోని సంఖ్య

ప్రపంచంలోని లెక్కల పండితులంతా వరుసగా వచ్చి మా తాత దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి. పదో తరగతి లెక్కల్లో రెండుసార్లు తప్పిన మనవరాలు చెబుతోంది కాబట్టి కళ్ళు మూసుకుని నమ్మొచ్చు.

తాత నలభై ఏళ్ళు టైల్స్ మేస్త్రి. ఆయనకు సంఖ్య అంటే గది. ముప్పై ఐదు అంటే "ఏడు వరుసలు, వరుసకి ఐదు" అంటాడు. ముప్పై ఏడు అంటే మొహం చిట్లిస్తాడు. ఎలా పరిచినా గది రాదు, ఒక్క టైలు వెడల్పున సందు తప్ప. అలాంటి మొండి సంఖ్యల్లో పెద్దదొకటి తనదంటూ ఉండాలని ఆయన కోరిక.

ఒకసారి వానలకు పని ఆగితే 89951ని పట్టుకున్నాడు. గది పొడవు మూడొందలు దాటితే వెడల్పు మూడొందల లోపే ఉండాలి. కాబట్టి మూడొందల లోపు మొండి సంఖ్యలతో భాగించి చూస్తే చాలు. అవి అరవై రెండు. చిన్నవి ముప్పై ఐదు తాత తీసుకుని, మిగతా ఇరవై ఏడూ తన పక్కన టైల్స్ కోసే స్నేహితుడికిచ్చాడు. మేం ఆయన్ని కట్టర్ తాత అంటాం.

నాలుగో రోజు కట్టర్ తాత వచ్చి, "దేంతోనూ పోలేదు బావా. ఉక్కు సంఖ్య!" అన్నాడు.

తాత దాన్ని తెల్ల టైలు మీద చెక్కి గుమ్మం పక్కన అతికించాడు. ఇరవై ఏళ్ళుగా వచ్చినవాడికల్లా ఒకటే సవాలు: "విడగొట్టు చూద్దాం!"

మొన్నామధ్య ఆయన్ని ఉడికిద్దామని ఫోన్లో నొక్కుతూ కూర్చున్నాను. అరవై ఒకటి అయ్యాయి. ఆఖరిది 293. శేషం సున్నా.

"తాతా, నీ సందు కాస్తా పెద్ద హాలయింది. 293 వరుసలు, వరుసకి 307!"

తాత నవ్వలేదు. చేత్తో రెండుసార్లు గుణించి చూసుకున్నాడు. చెప్పులేసుకుని కట్టర్ తాత ఇంటికి నడిచాడు. వెనకే నేను.

"బావా, 293తో చేశావా?"

కట్టర్ తాత టీవీ ఆపాడు. "అదొక్కటే మిగిలింది బావా. ఈలోగా వాన తెరిపిచ్చింది. ఇరవై ఆరింటితో పోనిది దీంతో ఏం పోతుందిలే అనుకున్నా."

"మరి అన్నీ చేశానన్నావే?"

"నీ మొహం వెలిగిపోతోంది. ఎలా చెప్పమంటావు?"

"ఇరవై ఏళ్ళు నేను సవాళ్ళు విసురుతుంటే పక్కన కూర్చుని తలూపావు కదరా!"

బావా అని తప్ప పిలవని మనిషి నోట "రా" వచ్చింది.

ఇంటికి రాగానే తాత ఉలి పెట్టి టైలు పెకలించాడు. గోడ మీద నలుచదరపు మచ్చ మిగిలింది. తర్వాత కట్టర్ తాత రెండుసార్లు గుమ్మం దాకా వచ్చాడు. తాత ఆ మచ్చవైపే చూస్తూ కూర్చున్నాడు.

పుల్ల పెట్టింది నేనే కదా, అన్నం సహించలేదు. మూడు రోజులు కూర్చుని 90001 పట్టాను. మూడొందలకు మూడొందల హాలు పరిచాక ఒక్క టైలు మిగులుతుంది. దాన్ని ఇరికించే గది ఎక్కడా లేదు. కాగితాలు తెచ్చి తాత ముందు పెట్టాను.

"అరవై రెండింటితోనూ నేనే చేశా తాతా. ఆఖరిదాంతో కూడా. ఒట్టు!"

తాత వాటిని చూడకుండానే పక్కకు తోశాడు.

"వాడూ ఇలాగే చెప్పాడు. తెల్లకాగితాలు తేవే, రెండుతో భాగించడం దగ్గర్నించీ అన్నీ నేనే చేస్తా."