సగం గోడలో స్పీకర్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో మనిషికి సొంత ఇల్లంతా లోపాలే కనబడతాయి. పుట్టి పెరిగిన ఇల్లే అయినా, మొదటి జీతం పడేదాకా అవి కంటికి ఆనవు. మడికొండ ఐటీ పార్కులో నాకు నౌకరీ వచ్చిన కొత్తలో నా కంటికి ఆనిన లోపం మా హాల్లో టీవీ పీల సప్పుడు. ఆఫీసులో ఒకామె తన ఇంట్లో గోడ లోపలే స్పీకర్లు పెట్టించుకున్నానని, పైకి జల్లెడలాంటి మూత తప్ప ఏమీ కనబడదని చెప్పింది. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. (అందులో మా క్యాంటీన్ పాత్ర కూడా ఉంది. కానీ ఆ వయసులో నేను ప్రతిదానికీ గొప్ప కారణమే వెతుక్కునేదాన్ని.)

మా ఇల్లు వరంగల్ చౌరస్తాకు దగ్గర్లో, దుకాణాల వెనక సందులో ఉంటుంది. ఒకప్పుడు అంతా ఒక్కటే ఇల్లు. బాపు, చిన్నాయన స్టీలు సామాన్ల దుకాణం పంచుకున్నప్పుడు ఇల్లు కూడా పంచుకున్నారు. పెద్ద హాలు మధ్యలో నాలుగంగుళాల ఇటుక గోడ లేచింది. బోరు మా వైపు వచ్చింది, మేడమెట్లు వాళ్ల వైపు పోయాయి. నీళ్లకు వాళ్లు మా వైపు, బట్టలారేయడానికి మేం వాళ్ల వైపు వెళ్లాల్సి వచ్చి, ఆ రాకపోకల్లోనే మాటా మాటా పెరిగి, అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకోవడం మానేశారు. తర్వాత వాళ్లు ఇంకో బోరు వేసుకున్నారు, మేం ఇనుప మెట్లు పెట్టించుకున్నాం. నాకు సైకిల్ నేర్పింది చిన్నాయనే. పదో తరగతి పాసైతే దుకాణం ముందు నిలబడి మిఠాయి పంచిందీ ఆయనే. గోడ లేచాక, దారిలో ఎదురైతే ఆయన చెప్పులు చూసుకుంటూ పోయేవాడు, నేను ఫోన్ చూసుకుంటూ పోయేదాన్ని. చాలా బాధగా ఉండేది. ఆ గోడ మీద ఇంకో గొడవ లేచిందంటే ఇక ఈ జన్మకు చిన్నాయన లేనట్టేనని నా భయం. అందుకే దానికి మేం మేకు కూడా కొట్టేవాళ్లం కాదు.

కానీ టీవీ ఉన్నది ఆ గోడ ముందే. మిగతా గోడలన్నీ తలుపులూ కిటికీలే. నేల మీద పెట్టే స్పీకర్లు తెద్దామంటే, సగమైన హాల్లో మనుషులే పక్కకు తిరిగి నడుస్తున్నారు. చివరికి భయపడుతూనే బాపును అడిగాను. ఆయన తిడతాడనుకుంటే తీర్పు చెప్పాడు. "పంపకాలప్పుడు పెద్దమనుషులు ఏమన్నరు బిడ్డా? గోడ ఇద్దరిది అన్నరు. అంటే మన దిక్కు సగం మనది. మన సగంల నువ్వు స్పీకర్లు పెట్టుకో, ఏనుగును పెట్టుకో. ఆవలి సగం మాత్రం ముట్టద్దు."

"నాలుగంగుళాల గోడను నిలువుగ చీలుస్తరా ఎవరన్న?" అంది అమ్మ వంటింట్లోంచి.

"హద్దంటే హద్దే" అన్నాడు బాపు. నేను ఇంజినీరింగ్ చదివినదాన్ని కాబట్టి, మతి ఉన్న అమ్మను వదిలేసి బాపు పక్షం చేరాను. దొరికినవాటిలో అన్నిటికన్నా పలచని స్పీకర్లు తెప్పించాను. అవి కూడా మా సగం కన్నా గోరంత ఎక్కువే లోపలికి దిగాలి. ఆ గోరంతను చెక్క ఫ్రేము పెట్టి మా హాల్లోకి జరపొచ్చని కాగితం మీద బొమ్మ గీశాను. బొమ్మ చాలా బాగా వచ్చింది.

బిగించడానికి హసన్‌పర్తి నుంచి సౌండన్న వచ్చాడు. పెళ్లిళ్లకు, బతుకమ్మకు మైకు సెట్లు పెట్టే మనిషి. గోడలోపల స్పీకర్లు ఎప్పుడైనా పెట్టావా అన్నా అని అడిగితే, "ఫికర్ చెయ్యకు చెల్లె, రాత్రి వీడియో చూసిన" అన్నాడు. నేనూ అదే వీడియో చూశాను. అందులో ఉన్నవి డొల్లగా ఉండే చెక్క గోడలు. వీడియోలో మనిషి చిన్న రంపంతో కేకు కోసినట్టు కోసి, స్పీకరు దోపి, స్క్రూ తిప్పి నవ్వాడు. మాది ఇటుక గోడన్న సంగతి సౌండన్నకు కటింగ్ మిషను పెట్టాకే తెలిసింది. హాలంతా ఎర్ర దుమ్ము లేచింది. బాపు టేపు పట్టుకుని పక్కనే నిలబడి, "ఆగు, ఆగు, హద్దు దగ్గరికొచ్చినవ్" అని హెచ్చరిస్తూనే ఉన్నాడు. ఎడమవైపు స్పీకరుకు చోటు చేస్తూ సౌండన్న ఉలి మీద జర గట్టిగా కొట్టాడు. ఇటుకకు మా హద్దు సంగతి తెలియదు కదా, అది సగంలో ఆగకుండా మొత్తంగా జారి అవతలికి వెళ్లిపోయింది. స్టీలు బిందె మీద పడ్డ చప్పుడు వినబడింది.

మిషను ఆగింది. గోడలో ఇటుకంత వెలుగు. ఆ వెలుగులోకి మెల్లగా ఒక కన్ను వచ్చింది. చిన్నాయన కన్ను.

"ఎవరది?"

"నేనే చిన్నాయనా."

కన్ను కంతకు ఇంకాస్త దగ్గరగా వచ్చింది. తర్వాత, "నువ్వా బిడ్డా... నౌకరి దొరికిందట గద, మంచిగున్నవా?" అన్న మాట వచ్చింది. దుమ్ము వల్ల అనుకుంటూ కళ్లు తుడుచుకున్నాను గానీ అది దుమ్ము వల్ల కాదు.

బాపు మాత్రం నా చెవిలో, "ఇటుక ఇటియ్యమను. అందుల సగం మనది" అన్నాడు. చిన్నాయన వినకుండా ఉంటాడా? "మీ బాపుకు చెప్పు, నా బిందెకు సొట్ట పెట్టిన ఇటుకను నేనియ్యనని" అన్నాడు. ఇద్దరి మధ్య ఉన్నది మూరెడు దూరం. మధ్యవర్తిని నేను. ఇక పెద్దమనుషులు వస్తారు, పంచాయితీ అవుతుంది అనుకుని బిక్కచచ్చిపోయాను. కానీ చిన్నాయన ఇటుక తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు. సౌండన్న ఆ కంతలోనే స్పీకరు దోపి బిగించేశాడు. అవతలి వైపు చిన్నమ్మ ఒక క్యాలెండరు తగిలించిందట. అంతటితో గోడ మళ్లీ గోడ అయిపోయిందని అందరం అనుకున్నాం.

ఆ ఆదివారం క్రికెట్ మ్యాచ్. మా ఎడమ స్పీకరు వెనక గోడ లేదు, క్యాలెండరే ఉంది. కాబట్టి దాని సప్పుడు మాకెంత వస్తోందో వాళ్లకూ అంతే పోతోంది. దానికి తోడు మా టీవీలో మ్యాచ్ ముందు వస్తుంది, వాళ్ల టీవీలో కాస్త ఆలస్యంగా వస్తుంది. అక్కడ బౌలరు ఇంకా పరుగెత్తుతుండగానే మా స్పీకరు ఔట్ అని అరిచేస్తోంది.

"బిడ్డా, మీ బాపుకు చెప్పు, జర సౌండు తగ్గించమని! వికెట్లన్నీ ముందే ఎరుకైపోతానయ్!" క్యాలెండరు వెనక నుంచి గొంతు.

బాపు రిమోట్ తీసుకుని, ఏళ్లుగా చూడని సంతోషంతో సౌండు ఇంకా పెంచాడు. నేను వద్దు వద్దని చేతులు ఊపుతున్నాను. అయిదు వికెట్లు పడ్డాక అవతల టీవీ ఆగిపోయింది. అయిపోయింది, గొడవకే వస్తున్నాడనుకున్నాను. గేటు చప్పుడైంది. చిన్నాయన ప్లాస్టిక్ కుర్చీ ఒకటి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "అక్కడ చూసుడు దండుగ" అని నాతో చెప్పి, కుర్చీ వేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. బాపు ఆయన వైపు చూడలేదు. "మీ అమ్మను చాయ్ పెట్టమను, ఇంకో కప్పు ఎక్కువ" అన్నాడు నాతోనే. చాలాసేపు ఇద్దరూ నా ద్వారానే మ్యాచ్ చూశారు. చివర్లో అంపైరు వేలెత్తగానే చిన్నాయన కుర్చీలోంచి లేచి, "అది ఔటెట్లయితది అన్నా?" అని అరిచాడు.

బాపు తిరిగి చూశాడు. "ఔటేరా. నీకు చిన్నప్పటి నుంచి కనబడి చస్తేగా!"

అలా మాటలు కలిశాయి. ఎల్బీడబ్ల్యూ మీద పోట్లాడుకుంటూ కలిశాయి. చాయ్ చల్లారిపోయిందని అమ్మ తిట్టింది, నేను మాత్రం వంటింట్లోకి పోయి ఏడ్చి, మొహం కడుక్కుని వచ్చాను.

పెళ్లయ్యాక నేను మడికొండలోనే ఫ్లాట్ తీసుకున్నాను. ఇక్కడా గోడలో స్పీకర్లు పెట్టించాను, అన్నీ పద్ధతి ప్రకారం, వెనక డబ్బాలతో సహా. పక్కింటివాళ్లకు చీమ చిటుక్కుమన్నంత కూడా వినబడదు. మొన్న ఆదివారం అమ్మకు ఫోన్ చేస్తే వెనక ఇద్దరి గొంతులూ పోటాపోటీగా లేస్తున్నాయి, నోబాలా కాదా అని. "ఏం వినబడ్తలేదే, తర్వాత చెయ్" అంది అమ్మ. ఫోన్ పెట్టేయొద్దమ్మా, అక్కడే టీవీ దగ్గర పెట్టు అన్నాను.

"నీ ఇంట్ల టీవీ లేదానే?" అంది.

ఉందమ్మా అన్నాను. మ్యాచ్ అయిపోయేదాకా వింటూ కూర్చున్నాను.