మునగాకులో సీసా

మా పక్క క్వార్టరు ఛాయాదేవి గారి కాలు ఒకచోట నిలవదు. తెనాలి నుంచి ఆర్.కె. పురం వచ్చి పాతికేళ్లయినా, ఆవిడకి ఢిల్లీ అంటే ఆకుకూరలు వెతుక్కునే ఊరే. తెలుగు మాట చివర 'హై' తగిలిస్తే హిందీ అయిపోతుందని ఆవిడ నమ్మకం. కూరగాయల బండివాళ్లు అలవాటుపడిపోయారు, పాపం.

2006 వేసవిలో కూతురు అరుంధతి తొలి కాన్పుకి పుట్టింటికొచ్చింది. రక్తం తక్కువగా ఉందని డాక్టరమ్మ చెప్పింది. అంతే, ఈవిడ సంచీ పట్టుకుని బయల్దేరింది. వెనక సందులో, పాత బ్యాటరీలు కరిగించే షెడ్డు పక్కన, ఏపుగా పెరిగిన మునగచెట్టు ఒకటుంది. ఇక రోజూ పప్పులో మునగాకు, పొడిలో మునగాకు. మొహం మొత్తిందని పిల్ల మొత్తుకున్నా వినలేదు.

ఒకరోజు ఆ చెట్టు కింద యూనివర్సిటీలో చదివే అమ్మాయి ఒకతె ఆకులు కోసి కవర్లలో వేసుకుంటోంది. పరీక్ష చేయడానికట. ఈవిడ సంచీలో ఆకు చూసి, తినొద్దంటూ కంగారుపడింది.

"ఆంటీజీ, యే మత్ ఖాయియే. ఇన్ పత్తోఁ మే సీసా హై. బహుత్ సీసా హై."

"అచ్ఛా, అచ్ఛా, ఠీక్ హై" అని వచ్చేసింది ఈవిడ.

"చూశావా వదినా, తాగుబోతు వెధవలు చెట్టు దగ్గర సీసాలు పగలగొట్టి పోతున్నారంట! పెంకులన్నీ ఆకుల్లోనేనంట!" అని నా దగ్గర తిట్టిపోసింది. ఆనాటి నుంచి ప్రతి రెమ్మా వెలుగులో పెట్టి చూడటం, ఉప్పునీళ్లలో కడగటం. ఒక్క పెంకూ దొరకలేదు. ఆ చాదస్తం చూసి నేను నవ్వుకునేదాన్ని.

ఎనిమిదో నెలలో ఒక మధ్యాహ్నం వంట ఆలస్యమైందని అరుంధతి విసుక్కుంది. కడగొద్దా మరి అంటూ తల్లి ఆ అమ్మాయి మాట చెప్పింది.

"శీశా బోలీ యా సీసా?" అని అడిగింది ఢిల్లీలో పెరిగిన కూతురు.

"సీసాయే. నాకామాత్రం హిందీ రాదనుకున్నావా?"

అరుంధతి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "అమ్మా, హిందీ మే శీశా అంటే గాజు. సీసా అంటే బాటిల్ నహీఁ హోతా. లెడ్. బ్యాటరీ వాలా."

"సీసమా?" అంది ఛాయాదేవి గారు. "కడిగానే. ప్రతి ఆకూ కడిగానే."

ఆకు లోపలికి ఎక్కినది కడిగితే పోదని ఆవిడకి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. పళ్లెంలో పప్పు పచ్చగా, కమ్మగా వాసనొస్తోంది.

రక్తం పరీక్షకిచ్చారు. రిపోర్టు ఇంకా రాలేదు. కడుపులో పెరుగుతున్న బిడ్డకి ఏమైనా అయ్యుంటుందా అంటే డాక్టరమ్మ "చూద్దాం" అంది. ఆ ఒక్క మాట పట్టుకుని ఈవిడ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. నా చేత్తో నేనే పెట్టానని ఏడుస్తోంది.

ఈలోగా లోపల గదిలోంచి అరుంధతి పిలిచింది. "అమ్మా, భూఖ్ లగీ హై."

ఛాయాదేవి గారు వంటింటి గుమ్మందాకా వెళ్లి, లోపల అడుగు పెట్టలేక ఆగిపోయింది.

"ఏం పెట్టనే, తల్లీ?" అంది.