ఆరో గుంపు

సర్వే ఆఫీసులో స్టోరు చూసే ఆయన్ని అందరూ బాబాయి అనే పిలిచేవారు. ఎరుపూ ఆకుపచ్చా ఆయన కళ్లకు ఒక్కటే. పుట్టుకతో వచ్చిన ఆ లోపాన్ని దాచిపెట్టి, కుర్రతనంలో పటాలకు రంగులు వేసే పనిలో చేరాడు. సీసాల మీది పేర్లు చదువుకుంటూ ఆరేళ్లు నెట్టుకొచ్చాడు. ఒకరోజు ఎవరో చీటీలు లేని సీసాలు తెచ్చి పెట్టారు. సాయంత్రానికి ఒక అడవంతా ఎర్రగా తేలింది.

"అడవి తగలబడిందా ఏంటయ్యా?" అన్నాడు అప్పటి అధికారి. ఆఫీసంతా ఘొల్లుమంది. పరధ్యానం అన్నారు. బాబాయి కాదనలేదు. ఉద్యోగం ఊడలేదు గానీ కుర్చీ స్టోరు గదికి మారింది. అక్కడే ఇరవై ఏడేళ్లు గడిచాయి. సంగతి తెలిసింది ఆయన భార్యకొక్కదానికే. ఆవిడ టైలరు. "నా చీర రంగు చెప్పలేరు గానీ, కుట్టు ఎక్కడ వంకర పోయిందో గుమ్మంలోంచే చెప్పేస్తారు" అని నవ్వేది.

అలా ఉండగా ఆఫీసుకు కొత్త కెమెరా వచ్చింది. దాన్ని విమానానికి కట్టి ఎగరేస్తారు. మామూలు కెమెరా మూడు రంగుల్లో చూస్తే ఇది రెండువందల పైచిలుకు రంగుల్లో చూస్తుంది. వాటిలో చాలావరకు మనిషి కంటికి ఆననివే. ఫొటోలోని ప్రతి చుక్కకూ ఒక గీత వస్తుంది. ఏ రంగు కాంతిని ఆ చోటు ఎంత తిప్పికొట్టిందో ఆ గీత చెబుతుంది. ఇది చెట్టు, ఇది మట్టి అని కంప్యూటరుకు ఎవరూ నేర్పరు. గీతలు పోలిన చుక్కల్ని అదే గుంపులుగా చేరుస్తుంది. ఎన్ని గుంపులు చేయాలో మాత్రం మనం చెప్పాలి. ఏ గుంపు ఏమిటో తేల్చుకోవలసిందీ మనమే. ఆ పనికి కొత్తగా ఒక ఇంజనీరమ్మాయి చేరింది.

ఒక మధ్యాహ్నం బాబాయి ఆమె గదికి ప్రింటరు కాగితాలు మోసుకెళ్లాడు. స్క్రీను మీద ఒక పండ్ల తోట ఉంది.

"బాబాయ్ గారూ, ఐదు గుంపులు! రంగులు ఎంత బాగా వచ్చాయో చూడండి."

ఎందుకో ఆ పూట ఆయనకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "రంగులు నాకు తెలియవమ్మా. ఎరుపూ పచ్చా ఒకేలా కనిపిస్తాయి. ఆ గీతలు చూపించు."

ఆమె చెట్ల గుంపులోని గీతలన్నీ తెరిచింది. బాబాయి కళ్లజోడు ఎగదోసుకుని వంగాడు.

"ఇవి రెండు రకాలు. కొన్ని ఈ గుంటలోకి బాగా దిగాయి, కొన్ని సగంలోనే ఆగిపోయాయి."

"చిన్న తేడాయేగా? కెమెరా లోపమై ఉంటుందండీ."

"లోపమైతే తోటంతా ఉండాలిగా. ఆరు గుంపులు చెయ్యి, పోయేదేముంది!"

చేసింది. చెట్లు రెండుగా చీలాయి. ఆరో గుంపు తోట తూర్పు చివర రెండు వరసల్లో, కొలిచి గీసినట్టు నిలబడింది. "ఆ గుంట ఆకులోని నీటివల్ల పడుతుంది. అంటే ఆ చెట్లకు నీళ్లందట్లేదు!" అంటూ లేచి నిలబడింది ఆమె.

మర్నాడు ఇద్దరూ జీపులో తోటకు వెళ్లారు. తోట యజమాని మండిపడ్డాడు. "నిగనిగలాడుతున్న చెట్లకు దాహమంటారేంటి? ఆకాశంలోంచి జబ్బులు అంటగడతారా?"

నిజమే, ఆకులన్నీ ఒకే పచ్చదనం. అమ్మాయి ముఖం చిన్నబోయింది. బాబాయి తూర్పు వరసలో ఒక చెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని మట్టి తవ్వాడు. పొడిపొడిగా రాలింది. పక్క వరసలో తవ్వాడు. చేతికి బురద అంటింది. యజమాని గొంతు తగ్గింది. తానే పార తెచ్చి నీటి గొట్టం పైకి తీశాడు. లోపలంతా వేళ్లు అల్లుకుపోయి ఉన్నాయి.

"ఇంకో పదిరోజులైతే వరసలు రెండూ కట్టెలయ్యేవి. ఎలా కనిపెట్టారండీ?" అన్నాడు.

"బాబాయ్ గారు చూశారండీ. నేను రంగులు చూసి మురిసిపోతున్నాను" అంది అమ్మాయి.

ఆ వారమే బాబాయి ఉన్న సంగతంతా రాసి, ఫొటోల విభాగంలోకి మార్చమని దరఖాస్తు పెట్టుకున్నాడు. అధికారి రెండుసార్లు చదివి సంతకం చేశాడు.

రిటైరయ్యేదాకా మూడేళ్లు ఆ అమ్మాయి గదిలోనే పనిచేశాడు. ఆమె ఏడు గుంపులంటే ఆయన ఎనిమిదనేవాడు. వాదన తెగకపోతే జీపెక్కేవారు. ఒకసారి ఆయన పట్టుబట్టి చేయించిన ఎనిమిదో గుంపు కోసం పొలాలన్నీ తిరిగి, చివరికి అది ఫొటోలో పడ్డ మబ్బు నీడని తేల్చుకుని వచ్చారు. ఆ రోజు ఆఫీసులో అందరికంటే గట్టిగా నవ్వింది బాబాయే.